రెండు సెకన్ల వాయిస్

కాశీబుగ్గ గేటు దాటాక మూడో సందు.
జీడి బట్టీ పొగగొట్టం కింద
నా కుర్చీ, ఒక కాటా, నాలుగు ఫోన్లు.

కూర్మారావు గారిది ఐఫోన్.
అందులో పప్పు కాస్త పసుపు తిరుగుతుంది,
పెళ్లికూతురు పాదాల్లా.
నాది రెడ్‌మీ. మబ్బు పట్టిన రోజు
దాని కంటికి లోకమంతా బూడిదే.
ప్యాకింగ్ గుంటడు వాయిదాల మీద వివో కొన్నాడు,
దాని బ్యూటీ మోడ్‌లో
మాడిన గుండు కూడా మల్లెమొగ్గ.
డ్రైవర్ సింహాచలానిది మీటల నోకియా.
అది ఫొటో తియ్యదు కాబట్టి అబద్ధమూ ఆడదు.
ఇచ్ఛాపురం దాటితే ఒక మిస్‌డ్ కాల్,
అంతే దాని భాష.

పొద్దున్న ఎనిమిదికి గ్రూపు లేస్తుంది.
ముందు దండాలు, దేవుళ్లు, గులాబీలు.
తర్వాత ధరలు: గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత.
నూట అరవై మందిమి, ఒకరి మొహం ఒకరం ఎరగం.
బొటనవేలు లేస్తే బేరం కుదిరినట్టు,
నీలం గీతలు పడీ నోరు మెదపకపోతే
పోయినట్టు.
మా తాత కాలంలో తువ్వాలు కింద
వేళ్లు నొక్కి చెప్పుకునేవారట ధర.
తువ్వాలు పోయింది. వేళ్లు మిగిలాయి.

భాద్రపదంలో కాన్పూరు గుప్తా
నలభై డబ్బాలు తిప్పి పంపుతానన్నాడు.
"ఫొటోలో పాలు, డబ్బాలో టీ. పైగా మెత్తన."

ఫోన్లన్నీ బల్ల మీద పెట్టించారు కూర్మారావు గారు,
స్టేషన్లో దొంగల్లా, వరసగా.
ఒకటే గుండు. మూడు ఫొటోలు. మూడు రంగులు.
ఏది నిజమయ్యా అంటే
నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను.

అప్పుడొచ్చింది దాలమ్మ, చేతులకి బూడిదతో.
ముప్పయ్యేళ్లుగా జీడి తిన్న వేళ్లవి.
రేషను మిషను వాటిని గుర్తుపట్టదు.
మేనల్లుడు కొనిచ్చిన శామ్‌సంగ్ కూడా
వేలు పెట్టినప్పుడల్లా మళ్లీ ప్రయత్నించమంటుంది.

"ఏటి బావూ, పప్పుని సూత్తన్నారేటి?
పప్పుని ఇనాల."

ఒక గుండు తీసి నా రెడ్‌మీ మూతి దగ్గర
విరిచింది.
టప్.
ఎండు పుల్ల మీద పిట్ట వాలినంత.

రెండు సెకన్ల వాయిస్. పంపాను.
కాన్పూరులో నీలం గీతలు.
టైపింగ్ అని వచ్చింది, పోయింది, వచ్చింది.
చివరికి అట్నుంచీ వాయిసే, రెండు సెకన్లే.
ఫ్యాను మోత, ఎవరిదో దగ్గు,
మధ్యలో మెత్తగా, తడి గుడ్డ పిండినట్టు
ఒక చప్పుడు.

"ఇంకోపాలి ఎట్టు."
పెట్టాను.
"మనం ఎండిందే అంపినాం. దార్లో తడిసిపోనాది.
టార్పాలిను సిరిగిపోయుంతాది. సింహాచలాన్నడుగు."

అడిగితే నోకియాలో కాసేపు వాన చప్పుడులాంటి మౌనం.
తర్వాత "బరంపురం కాడ..." అన్నాడు.

రంగు తప్పు మాది, తడి తప్పు లారీది.
నష్టం సగం సగం.
వివోకి ఆఫీసు గుమ్మం మూసేశారు.
ఆ రోజునుంచీ పొద్దున్నే ధరల కంటే ముందు
గ్రూపులో ఒక టప్ వెళ్తుంది,
నా నంబరు మీద, నా ఫొటో పక్కన.
"మాస్టర్‌జీ, మీ చెయ్యి అద్భుతం" అని గుప్తా రాశాడు.
నాది కాదని టైప్ చేశాను.
చెరిపాను.
దండం బొమ్మ పెట్టాను.

సాయంత్రం దాలమ్మ తన ఫోన్ నా ముందు పెట్టింది,
తెరవమని.
నంబరేమిటన్నాను.
"కిలోకి ఇచ్చే కూలి, రెండుపాలు నొక్కు.
నీకు తెలీందేటి, రాసేది నువ్వే కదా."

నొక్కాను. తెరుచుకుంది.
ఆ ఫోన్ కొని మూడేళ్లయింది.
నంబరు ఇంకా మార్చుకోవలసిన పని పడలేదు.